కొండని పంచుకున్న వేసవి

హ్వోల్ పొలం, క్రాకుదాల్ లోయ
జూన్ 14

ఆస్గెయిర్ మావయ్యకి,

నీ తుంటి ఎలా ఉంది? ఫోన్‌లో అడుగుదామంటే నువ్వు "ఆఁ? ఆఁ?" అనడం, నేను గొంతు చించుకోవడం, చివరికి హెర్దీస్ ఫోన్ లాక్కుని "నాన్న బాగానే ఉన్నాడు" అని పెట్టేయడం. ఇక కాగితమే నయం. నీ చెవులు మొండికేసినా కళ్లు మాత్రం గద్ద కళ్లు కదా.

నిన్న గొర్రెల్ని కొండకి వదిలేశాం. పిల్లలు తల్లుల వెంట పరిగెత్తుతుంటే నీ కోసం గేటు దగ్గర కాసేపు ఎక్కువే నిలబడ్డాను. ఇక సెప్టెంబరు దాకా అవి మనవి కావు.

అసలు సంగతికి వస్తాను. మంగళవారం కమిటీ కూర్చుంది. అధ్యక్షుడి కుర్చీలో థోర్లాకుర్ ఉన్నాడు, మొహం గంటు పెట్టుకుని. "పోయినేడు పొగమంచులో గాలిసందు కనుమ దగ్గర మంద దింపేవాళ్ల వరస తెగింది. ముప్పైకి పైగా గొర్రెలు వెనక్కి జారుకున్నాయి. తర్వాత మంచు కింద తవ్వి తీశాం. ముప్పై ఏళ్లుగా ఆ వరసని నడిపించిన కొండరాజు ఆస్గెయిర్ ఉండగానే అలా అయితే, ఇప్పుడతను కూడా ఊళ్లో లేడు. పక్క లోయ లోన్స్‌దాల్ వాళ్లకి మన మంద తోలే పని అప్పజెప్పేద్దాం. ఎవరి గొర్రెలు వాళ్లకి వేరుచేసే దొడ్డి మూసేద్దాం" అన్నాడు. మన దొడ్డి మూసేయడమేమిటి మావయ్యా? సెప్టెంబరులో ఆ దొడ్డి లేకపోతే ఈ లోయకి ఏడాదిలో ఒక్కసారైనా అందరూ రావడానికి ఇంకేం మిగులుతుంది? నాకు ఒళ్లు మండిపోయింది. లేచి, "నేను ఉంటాను రాజుగా" అన్నాను.

ఒక్క ఏడాది ఇచ్చారు. ఈ సెప్టెంబరులో వరస తెగిందా, అంతే సంగతులు.

చిక్కు ఏమిటంటే, వసంతంలో కొండచరియ విరిగి నల్ల వాగు పక్కన నీ పాత దారి మొత్తం కొట్టుకుపోయింది. పథకం అంతా కొత్తగా వేయాలి. నడిచేవాళ్లేమో ఒక చోట లేరు. సగం మంది రేక్యావిక్‌లో, క్యార్తన్ డెన్మార్క్‌లో గాలిమరల పనిలో, మిగతావాళ్లు తలో ఊళ్లో. ముందు రోజు సాయంత్రం వచ్చి తెల్లారి కొండెక్కుతారు. అందుకని ఆదివారాలు స్క్రీన్ షేర్ పెట్టి కొండ నేర్పుదామనుకుంటున్నాను. అంటే నా కంప్యూటర్‌లో పటం తెరిస్తే, వాళ్లు ఎక్కడ కూర్చున్నా వాళ్ల తెర మీదా అదే కనిపిస్తుంది. నేను గీత గీస్తే వాళ్లకీ కనిపిస్తుంది. బడిలో నల్లబల్ల లాగా, కాకపోతే బల్ల అందరి ఇళ్లలోనూ ఉంటుంది.

ఎలా ఉంది ఆలోచన? తిట్టకుండా రాయి.

నీ మేనకోడలు,
స్టెయిన్‌వోర్


వెస్ట్‌మన్ దీవులు
జూన్ 25

అమ్మాయ్ స్టెయినా,

తిట్టకుండా రాయమన్నావు. ప్రయత్నిస్తాను.

తుంటి కొత్తది, నేను పాతవాణ్ణి, ఇద్దరికీ ఇంకా పడట్లేదు. హెర్దీస్ నన్ను రోజూ ఓడరేవు దాకా నడిపిస్తుంది. ఈ దీవిలో గాలికి ఎదురు నడవాలంటే గుర్రానికి కూడా కర్ర కావాలి. తిండికి లోటు లేదు. ఎండుచేప, వెన్న, మళ్లీ ఎండుచేప.

నువ్వు రాజుగా నిలబడ్డావని చదివి లేచి నిలబడబోయాను, డాక్టరు చెప్పింది గుర్తొచ్చి కూర్చున్నాను. మీ అమ్మకి ఉన్న పొగరే నీకూ వచ్చింది. సంతోషం. థోర్లాకుర్ మాటలు పట్టించుకోకు. వాడి గొర్రె వాడి దొడ్లోనే ఉన్నా, దాని మెడలో గంట కడితే గాని వాడికి దొరకదు. అలాంటివాడు నా కొండ గురించి తీర్పులు చెబుతాడా!

కానీ ఈ తెర వ్యవహారం ఏమిటి? కొండని ఊరందరికీ పంచిపెడతావా? అదేమన్నా స్కీర్ పెరుగు గిన్నెనా, తలో చెంచా వేసుకోవడానికి? ఇవాళ నువ్వు పటం అందరి ఇళ్లలో వేలాడదీస్తే రేపు లోన్స్‌దాల్ వాళ్ల వంటింట్లోనూ వేలాడుతుంది. నా మాట విను. కొండ ఒక్కరి తలలోనే ఉండాలి. నేనేం చేసేవాణ్ణి? ముందు రోజు సాయంత్రం అందర్నీ మా వంటింట్లో కూర్చోబెట్టి, కాఫీ పోసి, కిటికీ లోంచి వేలు చూపించేవాణ్ణి. "నువ్వు అటు. నువ్వు ఇటు. నువ్వు నా వెనక. నోరు మూసుకుని నడవండి." అయిపోయింది. ఎవడి దారి వాడికి తెలిస్తే చాలు. పక్కవాడి దారి తెలిస్తే పక్కవాడికి సలహాలు చెబుతాడు.

నల్ల వాగు దారి కొట్టుకుపోయిందంటావు. ముప్పై ఏళ్లు నడిచిన దారి ఎక్కడికి పోతుంది? కాస్త రాళ్లు పడి ఉంటాయి. సరిగ్గా చూడు.

ఆస్గెయిర్


హ్వోల్
జూలై 12

మావయ్యా,

ముందు చెడ్డ కబురు, తర్వాత ఇంకా చెడ్డ కబురు, ఆఖర్న ఘోరమైనది. వరసగా చదువు, మధ్యలో చింపేయకు.

మొదటి క్లాసు పెట్టాను. పటం తెరిచాను. తెర మీద పక్కన పది పన్నెండు నల్ల గళ్లు, గళ్లలో పేర్లు, మొహాలు లేవు. అందరూ కెమెరాలు ఆపేసుకున్నారు. ఎర్ర గీతలతో దారులు చూపించాను. "అర్థమైందా?" అన్నాను. నిశ్శబ్దం. "క్యార్తన్, నీకు?" నిశ్శబ్దం. "ఎవరికైనా సందేహాలు?" నిశ్శబ్దం. మన లోయలో కొత్తగా చేరిన బోజెనా ఒక్కతే "యా, అర్థమైంది" అంది. ఆవిడ పోలండ్ నుంచి వచ్చింది, థోర్లాకుర్ పొలంలో పని చేస్తుంది, మన కొండ ఎక్కి ఎరగదు. ఆవిడకి అర్థమై, ఇక్కడ పుట్టినవాళ్లకి అర్థం కాకపోవడమేమిటని గుండె నీరుగారిపోయింది. మూడు ఆదివారాలూ ఇదే తంతు. గోడకి పాఠం చెప్పినా ఇంతకంటే నయం. నన్ను రాజుగా ఒప్పుకోలేకే నోరు మెదపట్లేదనిపిస్తోంది మావయ్యా.

ఇక రెండోది. మొన్న శనివారం సెలవులకి వచ్చినవాళ్లందర్నీ కొండకి తీసుకెళ్లాను, గొర్రెల జోలికి పోకుండా ఉత్తినే దారులు నడిచి చూద్దామని. "పటంలో చూపించాను కదా, కుడివైపు సగం మంది, ఎడమవైపు సగం మంది" అన్నాను. గంట తర్వాత మెట్ట మీదకెక్కి చూస్తే అందరూ పడమటి గట్టు మీదే ఉన్నారు. తూర్పు గట్టు మీద కాకి కూడా లేదు. క్యార్తన్ బృందమూ, రెండో బృందమూ ఎదురెదురుగా వచ్చి ఒకళ్లనొకళ్లు గుద్దుకుని, "మీరిక్కడెందుకున్నారు?" "మీరెందుకున్నారు?" అని పోట్లాడుకుంటున్నారు. థోర్లాకుర్ రోడ్డు మీద కారాపి బైనాక్యులర్స్‌తో ఇదంతా చూశాడు.

ఘోరమైనది ఇది. నీ ఉత్తరం అమ్మకి పంపిద్దామని ఫొటో తీసి కంప్యూటర్‌లో పెట్టుకున్నాను. మూడో క్లాసులో పటం ఒక్కటే చూపించబోయి తెర మొత్తం చూపించేశాను. పటం వెనక నీ ఉత్తరం. గొర్రెకి గంట కట్టడం గురించి నువ్వు రాసిన చోట. పెద్ద అక్షరాల్లో. నేను చూసుకోలేదు, పాఠం చెప్పుకుంటూ పోతున్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. బోజెనా నిదానంగా, "స్టెయిన్‌వోర్, మా యజమాని కూడా ఇవాళ చూస్తున్నారు" అంది.

థోర్లాకుర్ గడి మాయమైపోయింది.

నేనేం చెయ్యను?

స్టెయిన్‌వోర్


వెస్ట్‌మన్ దీవులు
జూలై 21

స్టెయిన్‌వోర్,

నేను నీకు రాసిన ఉత్తరాన్ని ఊరందరి ముందు వేలాడదీసి పాఠం చెప్పావా? అక్కడికీ హెర్దీస్ "పొరపాటున జరిగింది నాన్నా" అంటోంది. మావయ్య రాతలు చూపించి జనాన్ని నవ్విస్తే క్లాసుకి వస్తారనుకున్నావేమో. నా వయసు ఇప్పుడు బొమ్మలాటకి పనికొచ్చిందన్నమాట.

థోర్లాకుర్‌కి నేనే రాసేశాను. "నువ్వు చదివింది నిజమే. కాకపోతే నువ్వు చదవాలని రాయలేదు. అందువల్ల మన్నించు" అని. ఇంతకంటే మర్యాదగా రాయడం నాకు చేతకాదు.

ఇక నీ క్లాసు. మన లోయవాళ్లని నాకంటే ఎరిగినవాళ్లు లేరు. వాళ్లు జవాబు చెప్పలేదంటే నిన్ను ఒప్పుకోలేదనే అర్థం. నేను రాజుగా ఉన్నప్పుడు "సరేనా" అంటే పది గొంతులు సరే అనేవి. ఇప్పుడు గడుల్లో దాక్కున్నారు. పడమటి గట్టు మీద జరిగిన బాగోతం కూడా విన్నాను. నీకు చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది, కానీ పరువుతో దిగిపో. లోన్స్‌దాల్ వాళ్లు తోలుకుంటే తోలుకోనీ. నా చేత్తో కట్టిన దొడ్డి మూతపడుతుంటే చూడటం కంటే, నువ్వు అందరి ముందు ఓడిపోవడం చూడటం నాకు ఎక్కువ కష్టం.

జవాబు రాయనక్కర్లేదు.

ఆస్గెయిర్


హ్వోల్
ఆగస్టు 7

మావయ్యా,

రాయనక్కర్లేదన్నావు కాబట్టి రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి మూడు రోజులు కాలు గాలిన పిల్లిలా తిరిగాను. దిగిపోదామనే అనుకున్నాను. ఆ మాట ముందు చెప్పింది బోజెనాకి, పాల డబ్బాలు కడుగుతూ. "మూడు వారాలు అడిగాను. ఒక్కరు కూడా సరే అనలేదు" అన్నాను.

ఆవిడ చేతులు తుడుచుకుని నన్ను వింతగా చూసింది. "అందరూ అన్నారుగా! క్యార్తన్ కెమెరా ఒకసారి తెరుచుకుంది, వాడు అనడం చూశాను, మిగతావాళ్లూ అలాగే అని ఉంటారు. కాకపోతే మీరందరూ సరే అనేటప్పుడు ఊపిరి లోపలికి లాగుతారు. వచ్చిన కొత్తలో మీ అందరికీ ఉబ్బసం అనుకున్నాను. ఆ చప్పుడు మైకుకి వినపడదు. గాలి చప్పుడనుకుని తీసేస్తుంది."

నేను కూలబడి నవ్వాను మావయ్యా. ఏడుపు కూడా వచ్చింది. మనం పుట్టినప్పటి నుంచీ ఊపిరి పీలుస్తూ "యా" అంటాం. ఎదురుగా కూర్చున్నప్పుడు తెలుస్తుంది. యంత్రానికేం తెలుసు? మూడు వారాలూ ప్రతి ఒక్కరూ నాకు సరే అంటూనే ఉన్నారు. సరే అని, వినయంగా, ఏమీ అర్థం కాకుండా, తప్పు గట్టు ఎక్కేశారు.

అప్పుడు నిర్ణయించుకున్నాను, నోటితో సరే అంటే కుదరదు, చేత్తో చెప్పాల్సిందే అని. తర్వాతి ఆదివారం నా పటం చూపించలేదు. "ఒక్కొక్కరూ మీ తెర చూపించండి. మీకు గుర్తున్న కొండ గీయండి. వేలితో గీయండి, వంకరగా ఉన్నా ఫరవాలేదు" అన్నాను.

సరిగ్గా మొదలుపెట్టబోతుంటే థోర్లాకుర్ ఇంటికొచ్చాడు. చేతిలో నువ్వు రాసిన మన్నింపు. మొహం కందగడ్డలా ఉంది. "నెలాఖరుకి కమిటీ మళ్లీ కూర్చుంటుంది. ఈ తెర నాటకం ఏంటో కళ్లారా చూసి వాళ్లకి చెప్తాను" అని నా పక్కనే కుర్చీ లాక్కున్నాడు. సరే చూడండి అన్నాను, ఇంకేం అనను?

క్యార్తన్ గీశాడు. పైన కొండ, కింద సముద్రం. రేక్యావిక్ వాళ్లు గీశారు, పైన కొండ, కింద సముద్రం. బోజెనా తప్ప ఒక్కరు కూడా మరోలా గీయలేదు. పక్క నుంచి థోర్లాకుర్, "సర్కారు పటంలో సముద్రం పైనుంటుంది కదా. ఉత్తర దిక్కు అటేగా" అని గొణిగాడు. నేను ఆయన మొహం చూశాను, ఆయన నా మొహం చూశాడు. వీళ్లందరూ కొండని నీ వంటింటి కిటికీ లోంచి చూసి నేర్చుకున్నవాళ్లు మావయ్యా! వాళ్ల బుర్రలో దక్షిణం పైనుంటుంది. నేను చూపించిన పటం వాళ్లకి తలకిందులు. కుడివైపు వాళ్లు కిటికీ లెక్కన, ఎడమవైపు వాళ్లు పటం లెక్కన వెళ్లారు, అందుకే పడమటి గట్టు మీద సంత.

పటాన్ని అక్కడికక్కడే తిప్పేశాను. సముద్రం కిందకి, కొండ పైకి. డెన్మార్క్‌లో క్యార్తన్ కుర్చీ లోంచి లేచి నిలబడ్డాడు. "ఇదీ! ఇదీ మన కొండ! ఇన్నాళ్లూ ఎవరి కొండ చూపించావు మాకు?" అని అరిచాడు. కెమెరాలన్నీ ఒకటొకటిగా తెరుచుకున్నాయి. మొహాలు కనిపించాయి. ఒకళ్లని మించి ఒకళ్లు గీయడం మొదలుపెట్టారు. "గాలిసందు ఇంకా ఇటు." "కాదు, మా తాత గుర్రం పడిపోయింది ఇక్కడ." అంతలో నా పక్క నుంచి ఒక లావుపాటి వేలు వచ్చి తెర మీద గీత గీసింది. థోర్లాకుర్. "చరియ విరిగింది ఇక్కడి నుంచి ఇక్కడిదాకా. నేను వెళ్లి చూశాను. వాగుకి ఈ ఒడ్డున నడిస్తే కాలు విరుగుతుంది" అన్నాడు. క్లాసు అయ్యాక రెండు కప్పుల కాఫీ తాగాడు, నీ ఉత్తరం గురించి ఒక్క మాట అనలేదు. వెళ్తూ వెళ్తూ, "వచ్చే ఆదివారం ఎన్నింటికి?" అన్నాడు.

ఇప్పుడు కుడి ఎడమలు పూర్తిగా మానేశాం. పైనుంచి దిగేటప్పుడు అవి ఎలాగూ తారుమారవుతాయి. పేర్లతోనే చెప్పుకుంటున్నాం. ఇంకో పని కూడా పెట్టాను. ప్రతి ఒక్కరూ తన దారే కాక, పక్కవాళ్ల దారి కూడా గీసి, దాన్ని క్లాసుకి తనే నేర్పాలి. బోజెనా క్యార్తన్ దారి నేర్పింది, వాడే తప్పులు వెతుక్కున్నాడు.

నీ ఉత్తరం బయటపడింది నా తొందరపాటు వల్లే, మావయ్యా. నిన్ను బొమ్మలాట ఆడించాలని కాదు. నీ మీద కోపం లేదు నాకు. దిగిపో అన్నందుకు మాత్రం ఉంది.

దిగను.

స్టెయినా


వెస్ట్‌మన్ దీవులు
ఆగస్టు 19

అమ్మాయ్,

ఇక్కడ పఫిన్ పక్షుల పిల్లలు గూళ్లు వదిలే కాలం. దారి తెలియక ఊళ్లో దీపాల వైపు ఎగిరొస్తాయి. పిల్లా పెద్దా అట్టపెట్టెలు పట్టుకుని వాటిని ఏరుకొచ్చి, పొద్దున్నే కొండకొన మీద నుంచి సముద్రంలోకి విసురుతారు. నా చేతిలోనూ ఒకటి పెట్టారు. విసిరాను. తిట్టుకుంటూ పోయింది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఊపిరి సంగతి చదివి నవ్వాను, ఒప్పుకుంటున్నాను. హెర్దీస్ నా మొహం మీద చెయ్యి పెట్టి "యా అను నాన్నా" అని పరీక్ష చేసింది. నిజమే, లోపలికే లాగుతున్నాను.

మిగతా సంగతులు మాత్రం నాకు మింగుడుపడలేదు. దేశం పటాన్ని తిరగేశావు. థోర్లాకుర్ చేత నా కొండ మీద గీతలు గీయించావు. అందరి దారులూ అందరికీ ఇచ్చేశావు. మరి నీ దగ్గర ఏం మిగిలింది? అందరూ రాజులైతే రాజెవరు? నాకు తెలుస్తూనే ఉంది, నువ్వు పైకి "దిగను" అంటున్నావు కానీ లోలోపల బాధ్యత పదిమంది నెత్తిన పంచిపెట్టి దిగిపోతున్నావు. వరస తెగితే "అందరం కలిసే వేశాం కదా పథకం" అనొచ్చని. నువ్వలాంటి దానివి కాదనుకున్నాను.

పొగమంచు పట్టిన రోజున వాదనలు పనికిరావు, స్టెయినా. ఒక్క గొంతు కావాలి.

అందుకని క్యార్తన్‌కి నేను విడిగా రాశాను. నల్ల వాగు పక్కనే, పాత దారిలోనే నడవమని, అనుమానం వస్తే ఆగి నీ పిలుపు కోసం ఎదురు చూడమని. వాడు నా మాట కాదనడు. నీకు చెప్పకుండా చేయడం ఇష్టం లేక చెబుతున్నాను.

ఆస్గెయిర్


హ్వోల్
సెప్టెంబరు 13

మావయ్యా! మావయ్యా! మావయ్యా!

దొడ్డిలో పనికి ఉన్ని చొక్కా తడిసిపోయింది, ముందు నీకు రాశాకే మార్చుకుంటాను.

క్యార్తన్ సంగతి ముందు. నీ ఉత్తరం వాడికి అందింది. పాపం మూడు రోజులు నలిగిపోయి, చివరికి ఆదివారం క్లాసులో "ఇది అందరం చూడాలి" అన్నాడు. ఈసారి పొరపాటున కాదు, కావాలనే చూపించాడు. తిట్టుకో. థోర్లాకుర్ ఎర్ర గీతతో కొట్టుకుపోయిన చోటు గీసి, "ఆస్గెయిర్ ఈ వసంతంలో ఇక్కడ లేడు, ఉంటే తనే గీసేవాడు" అన్నాడు. ఆ మాట ఆయన అనగా విన్నాను నేను, కోపం లేకుండా. దారి పై గట్టుకి మార్చాం. నువ్వు రాసిన రెండో సలహా గురించి ఎక్కువసేపు మాట్లాడుకున్నాం, అనుమానం వస్తే ఆగాలా అని. బోజెనా, "ఆగితే గొర్రె ఆగదు కదా" అంది. అందరూ ఊపిరి లోపలికి లాగారు.

శుక్రవారం కొండ వెనక గుడిసె చేరుకున్నాం. శనివారం పొద్దున ఆకాశం కడిగినట్టుంది. గట్టు నుంచి గట్టు దాకా వరస కట్టి దిగడం మొదలుపెట్టాం. పొద్దెక్కేసరికి గాలిసందు లోంచి పొగమంచు వచ్చింది. వచ్చింది అనడం తక్కువ. విరుచుకుపడింది. నా గుర్రం చెవులు నాకు కనిపించలేదు. రేడియోలో పిలిచాను. గరగర. మళ్లీ పిలిచాను. గరగర. పోయినేడు సరిగ్గా ఇలాగే, ఇక్కడే జరిగింది. అందరూ ఉన్నచోట ఆగి పిలుపు కోసం చూశారు, అంతలో గొర్రెలు సందు లోంచి జారుకున్నాయి.

నాకు భయం వేసింది. నీకు అబద్ధం చెప్పను. రేడియో నోటి దగ్గర పెట్టుకుని పేర్లన్నీ పిలుస్తూ, దిగిపోయి ఉండాల్సింది, మావయ్య చెప్పినప్పుడే దిగిపోయి ఉండాల్సింది అనుకున్నాను. ఆ మంచులో ఎవరికీ నేను రాజుని కాను. ఉత్త తడి ఆడదాన్ని, గుర్రం మీద.

అప్పుడు ఎడమ నుంచి వినపడింది. "హో-ఓ-ఓ!" క్యార్తన్. ఉండాల్సిన చోట, పై గట్టు మీద. కాసేపటికి అవతల నుంచి "హో-ఓ!" బోజెనా. ఆ తర్వాత థోర్లాకుర్, ఆయన గొంతు పీపాలోంచి వచ్చినట్టుంటుంది కదా. ఒకరి గొంతు పట్టుకుని ఒకరు కదులుతున్నారు. ఎవ్వరూ ఆగలేదు. ఎవ్వరూ నా పిలుపు కోసం చూడలేదు.

అసలు సంగతి నాకు కిందకి దిగాక తెలిసింది. ఆ మొదటి కేక తర్వాత, సందుకి ఆ పక్కన నడవాల్సిన క్యార్తన్ గుర్రం గట్టు రాళ్లలో కుంటింది. వాడు నడక మీద వెనకబడ్డాడు. సందు దగ్గర ఖాళీ. బోజెనాకి వాడి గొంతు దూరమైనట్టు తెలిసి, ఎవరూ చెప్పకుండానే తన దారి వదిలి సందు మొహానికి అడ్డంగా వెళ్లి నిలబడింది. ఆవిడ దారి ఖాళీ అయిందని థోర్లాకుర్‌కి తెలిసి ఆయన కొండ పైకి జరిగాడు. ఆయన చోటుకి నేను వెళ్లాను, ఎందుకంటే ఆయన గొంతు పైనుంచి వినపడింది, ఎందుకు జరిగాడో నాకు తెలిసింది. క్లాసులో ఆయన దారి గీసి నేర్పింది నేనే మరి. సందు దగ్గర గొర్రెలు వచ్చి బోజెనా మీదకి తోసుకున్నాయట. ఆవిడ రెండు చేతులు చాపి పోలిష్‌లో నోటికొచ్చినట్టు తిట్టిందట. మన గొర్రెలు ఆ భాష ఎప్పుడూ విని ఉండవు, వెనక్కి తిరిగి పరుగు.

మధ్యాహ్నం దాటాక నల్ల వాగు కింద మంచులోంచి బయటపడ్డాం. ముందు గొర్రెల కూత వినపడింది. తర్వాత అవి కనిపించాయి, లోయ నిండా, గట్టు నుంచి గట్టు దాకా, పాలు పొంగినట్టు. వెనక ఒకరి తర్వాత ఒకరు మావాళ్లు మంచులోంచి బయటికొస్తున్నారు, నేను లెక్క చూసుకుంటున్నాను, ఎవరి చోట వాళ్లు, వరస ఎక్కడా తెగలేదు. దొడ్డి దగ్గర జనం గోడలెక్కి అరిచారు. నేను గుర్రం మెడ మీద పడి ఏడ్చాను. ఎవరన్నా చూసి ఉంటారు, చూస్తే చూశారు.

ఇవాళ చెవి గాట్లు చూసి వేరు చేశాం. తప్పిపోయిన గొర్రె ఒక్కటీ లేదు మావయ్యా. ఒక్కటీ! ఇలా జరిగి ఎన్నేళ్లయిందో పెద్దవాళ్లకే గుర్తు లేదు.

మాంసం సూపు దగ్గర థోర్లాకుర్ లేచి గిన్నె మీద చెంచాతో కొట్టాడు. "కమిటీ తీర్మానం. దొడ్డి ఉంటుంది. రాజు ఉంటుంది" అని కూర్చున్నాడు. అంతకంటే పొడుగ్గా ఆయన ఎప్పుడు మాట్లాడాడు? తర్వాత లోన్స్‌దాల్ వాళ్లలో ఇద్దరు నా దగ్గరికొచ్చి, బూట్లు చూసుకుంటూ, "వచ్చే వేసవి మాకూ ఆ తెర పాఠం చెప్తారా?" అని అడిగారు. మన మంద తోలడానికి రావాల్సినవాళ్లు!

అందరూ రాజులైతే రాజెవరని అడిగావు. ఆ మంచులో మధ్యాహ్నం దాకా నా అవసరం ఎవరికీ రాలేదు. నా జీవితంలో అంత గర్వపడిన పూట ఇంకోటి లేదు.

బయట పాటలు మొదలెట్టారు. పిలుస్తున్నారు. వెళ్తాను.

నీ స్టెయినా


వెస్ట్‌మన్ దీవులు
సెప్టెంబరు 22

క్రాకుదాల్ కొండరాజు స్టెయిన్‌వోర్ గారికి,

మీ ఉత్తరం అందింది. హెర్దీస్ పైకి చదివింది, నాకు కళ్లలో ఏదో పడి సరిగ్గా కనపడలేదు. మంచు దగ్గరికి వచ్చేసరికి ఆపమన్నాను. కాసేపు అటూ ఇటూ నడిచి వచ్చి, మిగతాది చదవమన్నాను. "తప్పిపోయిన గొర్రె ఒక్కటీ లేదు" అన్న చోట మళ్లీ చదవమన్నాను. మళ్లీ. నాలుగోసారి అది చదవనంది.

ముప్పై ఏళ్లలో నేను ఒక్క గొర్రె కూడా పోకుండా దింపిన ఏడు లేదు. ఈ మాట రాయడానికి కలం మూడుసార్లు పక్కన పెట్టాను.

పాలకేంద్రం కుర్రాళ్ల దగ్గర్నించి ఓడరేవు కాపలాదారు దాకా ఈ దీవిలో అందరికీ చెప్పాను. నా మేనకోడలు అని చెప్పాను. చేపల దుకాణంలో చెప్పేటప్పుడు కాస్త గట్టిగా చెప్పానట, హెర్దీస్ నన్ను బయటికి లాక్కొచ్చింది.

థోర్లాకుర్‌కి ఇంకో ఉత్తరం రాశాను. ఈసారి పొట్టిది. అందులో గొర్రె లేదు.

ఇప్పుడు ఒక విన్నపం. హెర్దీస్‌కి కంప్యూటర్ ఉంది. నా వినికిడి సంగతి మీకు తెలుసు, కానీ గీసేది కనపడుతుంది కదా. వచ్చే జూన్‌లో మీ క్లాసులో నాకో గడి ఇప్పించండి. కెమెరా తెరిచే ఉంచుతాను. చరియ విరిగాక కొండ ఎలా ఉందో నాకు తెలియదు, ఎవరైనా నేర్పాలి. ఆ పోలండ్ అమ్మాయి నేర్పితే మరీ మంచిది.

సెప్టెంబరుకి తుంటి ఒప్పుకుంటే నాకు గాలిసందు ఇవ్వండి. అక్కడ ఎక్కువ నడవక్కర్లేదు. చేతులు చాపి నిలబడి, పక్కన ఎవరున్నారో తెలుసుకుని, గట్టిగా అరిస్తే చాలు. అది నాకు వచ్చు.

మీరు ఊరికే ఇవ్వొద్దు. ముందు నా చేత బొమ్మ గీయించండి. తప్పు గీస్తే దిద్దండి.

ఆస్గెయిర్